ఆకుపచ్చ నీలం

పరాయి దేశంలో నగల రిపేరు బల్ల ముందు కూర్చోబట్టి ఆరేళ్లవుతోంది. నా దగ్గరికి కొత్త ఉంగరాలు రావు. రాయి కదిలినవి, పెచ్చు లేచినవి, అరిగిపోయినవి వస్తాయి. అందుకే నా నిశ్చితార్థానికి ఉంగరం ఎంచుకోవాల్సి వచ్చినప్పుడు, రాళ్ల అందం కంటే వాటికి తగిలిన దెబ్బలే నాకు ముందు గుర్తొచ్చాయి.

నేను పెళ్లి చేసుకోబోయే అమ్మాయికి పచ్చరాయి ఇష్టం. తనూ ఇక్కడే, పసిపిల్లల డే కేర్‌లో పనిచేస్తుంది. రోజంతా చేతులు కడుక్కోవడం, ఇసుకలోంచి బొమ్మలు ఏరడం, పిల్లల్ని ఎత్తుకోవడం.

సరిగ్గా ఆ వారమే ఒక పచ్చ ఉంగరం రిపేరుకొచ్చింది. లూప్, అంటే నగల పనివాళ్ల చిన్న భూతద్దం, పెట్టి చూస్తే ఒక మూల పెచ్చు లేచింది, లోపల సన్నని చీలికలు తెల్లగా కనిపిస్తున్నాయి. పచ్చల్లో చీలికలు మామూలే. అవి కనపడకుండా నూనె పట్టిస్తారు. వేడినీళ్లు, సబ్బు, నగలు శుభ్రం చేసే అల్ట్రాసోనిక్ మెషిన్ ఆ నూనెను లాగేస్తాయి. ఆ రాయి చూశాక తన చేతికి పచ్చ పెట్టడానికి నాకు మనసొప్పలేదు.

తనకి కావాల్సింది ఆ రంగే కదా అనిపించింది. కెంపు, నీలం రాళ్లు రెండూ కొరండం అనే ఒకే ఖనిజం. ఎర్రగా ఉంటే కెంపు, మిగతా ఏ రంగైనా నీలం జాతే. వాటిలో ఆకుపచ్చవీ ఉన్నాయి. గట్టిదనంలో వజ్రం 10 అయితే ఇది 9. ఇసుకలో ఉండే క్వార్ట్జ్ 7, కాబట్టి ఇసుక దీన్ని గీయలేదు.

నాలుగు ఆకుపచ్చ నీలాలు తెప్పించాను. లైట్ల కింద అన్నీ మెరిశాయి. కిటికీ దగ్గర పగటి వెలుగులో రెండు నల్లబడ్డాయి, ఒకదాని నడుమ గాజుపెంకులా ఖాళీగా కనిపించింది. నాలుగోది నిలబడింది. అది రంగు కోసం వేడి చేసిన రాయే, కాగితంలో రాసే ఇచ్చారు. వేడితో వచ్చిన రంగు మామూలు వాడకంలో పోదు. చెప్పకుండా అమ్మితేనే నాకు కోపం. ఇంకో మాట, క్యారెట్లు, అంటే రాయి బరువు, చూసి మోసపోవద్దు. వజ్రం కంటే నీలం బరువు, అందుకే అదే క్యారెట్‌కి చిన్నగా కనిపిస్తుంది. రాయి కొలత మిల్లీమీటర్లలో అడగండి.

ఫోన్లో చెబితే తను ఒక్కటే అడిగింది: "పిల్లల్ని గీసుకోదు కదా?"

రాయిని పట్టుకునే కొక్కేల్లాంటి కాళ్లు వద్దనుకున్నాను. రాయిని బాగా కిందికి దించి, చుట్టూ బంగారు అంచు మడిచి, షిఫ్టు అయ్యాక నేనే పొదిగాను. పాలిష్ చేసి, నా చెంపకి రాసి చూసుకున్నాను. ఒకచోట కొద్దిగా తగిలింది. మళ్లీ బల్ల ముందు కూర్చున్నాను.