ఎముకల కంటే పొలుసులే ఎక్కువ చెప్తాయి

మాది మహారాష్ట్ర గడ్చిరోలి జిల్లాలోని సిరొంచ. ఆ పేరు చెప్పగానే అందరూ అడిగేది డైనోసార్ల గురించే. అడగాల్సిందే మరి. మా తాలూకా రాళ్లలో దొరికిన బారాపాసారస్ అనే డైనోసార్ అస్థిపంజరం ఇప్పుడు కోల్‌కతాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ (ఐఎస్‌ఐ)లో నిలబడి ఉంది. కానీ జియాలజీ చదివిన నాకు ఆ కాలపు చేపలంటేనే ప్రాణం. పెద్ద జంతువు ఎముకలు వరదలో ఎక్కడినుంచైనా కొట్టుకొచ్చి ఉండొచ్చు. పొలుసుల వరుస చెదరకుండా రాతిలో పడుకున్న చేప అలా కాదు. కదలని నీళ్ల అడుగున, బురదలో పూడితేనే అలా మిగులుతుంది.

ప్రాణహిత ఒడ్డున కోట అనే ఊరుంది. అక్కడి సున్నపురాయిలో దొరికిన చేపకు 1851లోనే లెపిడోటస్ దక్కనెన్సిస్ అని పేరు పెట్టారు. ఆ రాళ్ల వయసు ఇంచుమించు 17, 18 కోట్ల ఏళ్లు. తర్వాత ఐఎస్‌ఐలో సోహన్ లాల్ జైన్ గారు ఇక్కడి చేపల మీద ఏళ్ల తరబడి పనిచేశారు. 1974లో ఇండోసీలకాంథస్ అనే సీలకాంత్ జాతి చేపను వెలుగులోకి తెచ్చింది ఆయనే.

ఈ కోట చేప పొలుసు ఒక్కదాన్ని లెన్సు కింద పెట్టి చూడండి. రోహు పొలుసైతే పల్చగా, గుండ్రంగా, గోటితో నొక్కితే వంగుతుంది. ఇది నాలుగు మూలలతో, మందంగా, పంటి పింగాణీలా మెరుస్తుంది. అంచున చిన్న మొన ఉంటుంది, అది పక్క పొలుసులోని గుంటలో దిగుతుంది. ఒంటి నిండా అలా బిగిసిన కవచం! ఇలాంటి పొలుసులతో గార్ చేపలు అమెరికా నదుల్లో ఇప్పటికీ ఈదుతున్నాయి.

ప్రాణహితలో వల వేసే మా కాక దాన్ని వేళ్ల మధ్య తిప్పితిప్పి చూసి, "ఇది సముద్రపు చేప కాదా బిడ్డా?" అన్నాడు. సరైన ప్రశ్న. చేప ఒక్కదాన్నే చూసి జవాబు చెప్పలేం, ఎందుకంటే లెపిడోటస్ బంధువులు సముద్రాల్లోనూ ఉండేవి. ఇక్కడి రాతిలో చేపలతోపాటు కారా నాచు కాయలు, పురుగుల రెక్కలు కూడా దొరికాయి. కారా జాతి ఎక్కువగా మంచినీళ్లలో పెరిగేది. అందుకే ఇది చెరువు అడుగని నమ్ముతున్నాం.

మా వైపు బండలు చీల్చేవాళ్లకు ఒక్క మాట. నిగనిగలాడే పలకలు వరుసగా కనిపిస్తే ఊడదీయకండి. పక్కన ఓ నాణెం పెట్టి ఫొటో తీయండి, ఏ పొరలో ఉందో గుర్తుపెట్టి భూవిజ్ఞాన సర్వే వాళ్లకు చెప్పండి. పొర తెలియని పొలుసు షోకేసులో అందంగా ఉంటుందేమోగానీ, ఆ చెరువు సంగతి చెప్పలేదు.