నిన్న బాబు ఏం తిన్నాడు? ఒక సర్వే అనుభవం

ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తెలంగాణలో 2019 జూన్ ఆఖరున మొదలై నవంబరు మధ్య దాకా నడిచింది. అందులో ఇన్వెస్టిగేటర్‌గా ఉమ్మడి వరంగల్ జిల్లా ఊళ్లు తిరిగాను. 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లను అడిగి, చేతిలో ఉన్న చిన్న కంప్యూటర్‌లో జవాబులు ఎక్కించాలి. గడప తొక్కగానే “దీంతోటి ఏమొస్తది? ఇల్లొస్తదా, పింఛనొస్తదా?” అనేవాళ్లు. పథకాల కోసమని రాష్ట్ర ప్రభుత్వం 2014 ఆగస్టు 19న ఒక్క రోజులో ఇంటింటికీ తిరిగి చేసిన సమగ్ర కుటుంబ సర్వే ఇంకా ఎవరూ మరిచిపోలేదు మరి. దానికి సర్దిచెప్పడం రెండు మూడు ఊళ్లకే అలవాటైపోయింది. టెన్షనంతా ఐదేళ్లలోపు పిల్లలున్న ఇళ్లలోనే.

ముందు వయసు తేలాలి. బిడ్డ వయసుకు తగ్గ ఎత్తు ఉందా లేదా అన్నది నెలల లెక్కన చూస్తారు. రెండు మూడు నెలలు అటూ ఇటూ అయితే మామూలు పిల్ల కూడా కురచవాళ్ల లెక్కలో పడిపోవచ్చు. ఆస్పత్రి కార్డు ఉంటే బతికిపోయినట్టే. ఆధార్‌లో జనవరి 1 అని కనిపిస్తే మాత్రం నేను నమ్మేదాన్ని కాదు, పుట్టిన తేదీ తెలియకపోతే అలా పడుతుంది. ఏ కాగితమూ లేని ఇంట్లో “సమ్మక్క జాతరకు పోయొచ్చినంక పుట్టిండు” అంటారు. మేడారం జాతర రెండేళ్లకోసారి. 2016 ఫిబ్రవరిదా, 2018 జనవరి ఆఖరున మొదలైందా అన్నది పిల్లాణ్ని చూస్తే తెలిసిపోతుంది. నెల తేలాలంటే మళ్లీ అడగాలి: జాతరైన వెంటనేనా, ఉగాది అయ్యాకనా, మామిడికాయలొచ్చాకనా?

తర్వాత కొలతలు. అంగన్‌వాడీలో తూకం వేస్తారు కాబట్టి బరువుకు ఎవరూ అడ్డు చెప్పరు. రెండేళ్లలోపు పిల్లల్ని బోర్డు మీద పడుకోబెట్టి, ఒకరు తల, ఒకరు మోకాళ్లు పట్టుకుని కొలవాలి. అక్కడొచ్చేది పేచీ. “పీనుగను కొలిచినట్టు గిట్ల పండవెట్టి కొలుస్తరా!” అని ఒక ముసలమ్మ మనవణ్ని లాక్కుని లోపలికి వెళ్లిపోయింది. అంగన్‌వాడీ టీచర్ వచ్చి “పెద్దమ్మా, నేను పక్కనే ఉంట గదా” అన్నాక గానీ బయటికి రాలేదు.

అన్నిటికంటే కష్టం తిండి ప్రశ్నలు. నిన్న పగలూ రాత్రీ బిడ్డ ఏమేం తిన్నాడో చెప్పాలి. పప్పు, ఆకుకూర, గుడ్డు, పాలు, మాంసం ఒక్కొక్కటీ విడిగా అడగాలి. దసరా దాటాక పత్తి ఏరే పని మొదలైంది. పొద్దున్నే చేనుకు పోయిన తల్లి చీకటి పడేవేళకు వస్తుంది. “నాకేమెరుకక్కా, అత్తమ్మనడుగు” అనేది. నేను మాట్లాడాల్సింది తల్లితో, అదీ పక్కన ఎవరూ లేకుండా. బిడ్డ ఏం తిన్నాడో తెలిసింది మాత్రం అత్తకు.

అందుకే ఆ ఇళ్లకు సాయంత్రం వెళ్లడం మొదలుపెట్టాను. మిగతా ప్రశ్నలన్నీ తల్లితో లోపల ముగించి, ఆమె సరేనన్నాక అత్తను పిలిచి ఇద్దర్నీ కూర్చోబెట్టేదాన్ని. “గుడ్డు పెట్టారా?” అంటే అత్త వెంటనే “పెట్టిన బిడ్డా” అంటుంది. “నిన్ననేనా?” “నిన్న గాదు, ఐతారం.” అలా కాదని పొద్దున లేచిన దగ్గర్నుంచి వరసగా అడిగేదాన్ని. చాయ్‌లో బిస్కెట్. పది గంటలకు పప్పుచారు పోసి పిసికిన బువ్వ. మధ్యాహ్నం ఐదు రూపాయల చిప్స్ ప్యాకెట్, ఇది ఎప్పుడూ చివర్లో బయటపడేది, అదీ పక్కింటి పిల్ల చెబితే. అంగన్‌వాడీలో పిల్లలకిచ్చే బాలామృతం పిండి మాటకు అందరూ తలూపుతారు. కానీ నెలకని ఇచ్చే రెండున్నర కిలోల ప్యాకెట్ ఇంట్లో ఉన్న పిల్లలంతా తింటే వారం పది రోజులకే ఖాళీ అవుతుంది. నిన్న తిన్నాడా అంటే లేదనే రాయాలి.

2020 డిసెంబరులో ఫలితాలొచ్చాయి. తెలంగాణలో వయసుకు తగ్గ ఎత్తు లేని పిల్లలు అంతకుముందు సర్వేలో 28 శాతం, ఈసారి 33.1 శాతం. “మీరేదో ఇష్టమొచ్చినట్టు రాసుంటారు” అని మా చుట్టాలే అన్నారు. ఆ బోర్డు దగ్గర ఎంత పేచీ పడి కొలిచామో వాళ్లకేం తెలుసు! నాకు ఒక్కటే అర్థం కాదు. పిల్లలకు ఏం పెట్టాలో చెప్పడానికి ఇప్పటికీ తల్లుల్నే పిలుస్తారు, అదీ పగటిపూట. పత్తి రోజుల్లో వాళ్లు చేలో ఉంటారు. చెప్పేదేదో ఇంట్లో ఉన్న నాయనమ్మకు చెబితే ఆ బువ్వలోకి ఒక గుడ్డయినా వస్తుంది.