హుద్‌హుద్‌లో పోయిన స్ట్రెప్ స్టాకులు: నా థీసిస్ అనుభవం

మైక్రోబయాలజీ పీజీలో నా థీసిస్ గ్రూప్ ఏ స్ట్రెప్టోకాకస్ మీద. మామూలుగా గొంతునొప్పి తెచ్చే బ్యాక్టీరియానే, కానీ రక్తంలోకో కండరాల మీది పొరలోకో దిగిందంటే ఒకటి రెండు రోజుల్లో మనిషిని ఐసీయూకి చేరుస్తుంది. 2022 డిసెంబరులో ఇంగ్లండ్‌లో పిల్లలు దీనితో చనిపోతున్నారని చదివాక, విశాఖలో పదేళ్ల కిందట ఏ రకాలు ఉండేవో, ఇప్పుడు ఏవి ఉన్నాయో పోల్చి చూడాలనిపించింది.

పాత స్టాకులు, అంటే రోగుల శాంపిళ్ల నుంచి పెంచి దాచి ఉంచిన బ్యాక్టీరియా, అడిగితే మా సీనియర్ టెక్నీషియన్ గారు "అవన్నీ హుద్‌హుద్‌లో పోయాయి డాక్టరమ్మా" అన్నారు. 2014 అక్టోబరు 12న తుపాను, ఆ తర్వాత రోజుల తరబడి కరెంటు లేదు, ఫ్రీజర్‌లో ఉన్నవన్నీ కరిగిపోయాయి. ఊరు ఊరంతా కూలిపోయి ఉంటే చిన్న చిన్న ట్యూబులు ఎవరికి గుర్తొస్తాయి, ఎవరినీ తప్పు పట్టలేను. కానీ ఆ రాత్రి హాస్టల్‌లో ఏడ్చాను.

ఎందుకంత బాధ అంటే, పాతవి చేతిలో లేకపోతే మార్పు అనేదే కనిపించదు. ఈ బ్యాక్టీరియా పైన ఉండే ఎం ప్రొటీన్‌ని బట్టి దీని రకాలకు ఎం1 లాంటి నంబర్లు ఇస్తారు. ఇంగ్లండ్‌లో ఏళ్ల తరబడి దాచిన శాంపిళ్ల జీనోమ్‌లు పోల్చి చూడబట్టే ఎం1యూకే అనే కొత్త శాఖ 2019లో బయటపడింది. పాత ఎం1కీ దీనికీ జీనోమ్‌లో తేడా 27 డీఎన్‌ఏ అక్షరాలే! అయినా స్కార్లెట్ ఫీవర్ (ఒంటి మీద ఎర్రటి దద్దుర్లతో వచ్చే జ్వరం) టాక్సిన్‌ని, అంటే విషాన్ని, చాలా రెట్లు ఎక్కువగా తయారు చేస్తుంది.

నాలుగు రోజులు స్టోర్ రూమంతా వెతికితే బ్యాక్టీరియాని ఆరబెట్టి సీల్ చేసిన గాజు ఆంపుల్స్ ఆరు దొరికాయి. వాటికి ఫ్రీజర్ అక్కర్లేదు. విరగ్గొట్టి బ్రాత్‌లో (పోషక ద్రవంలో) వేసి, గొర్రె రక్తం కలిపిన అగార్ ప్లేట్ల మీద గీసి పెట్టాను, టెన్షన్‌తో నిద్రే లేదు. మర్నాడు రెండు ప్లేట్ల మీద కాలనీల చుట్టూ రక్తం కరిగి తేటగా కనిపించింది, అంటే ఆ రెండూ బతికే ఉన్నాయి. ఎం రకాన్ని తేల్చే ఎమ్ (emm) జీన్‌కి పీసీఆర్‌తో కాపీలు తీసి సీక్వెన్సింగ్‌కి పంపాం, ఆ రెండు రకాలూ నా కొత్త శాంపిళ్లలో లేవు. రెండింటితో ఏమీ తేల్చలేం, థీసిస్‌లోనూ అలాగే రాశాను.

పెన్సిలిన్ దీని మీద ఇప్పటికీ పనిచేస్తోంది కదా, రకాలతో పనేంటని వైవాలో అడిగారు. తయారీలో ఉన్న ఒక వ్యాక్సిన్‌లో 30 ఎం రకాల ముక్కలు ఉన్నాయి, వాటిని ఎక్కువగా అమెరికా, యూరప్‌లలో కనిపించేవాటిని చూసి ఎంచుకున్నారు, మన దగ్గర తిరిగేవి వేరైతే అది మన పిల్లలకు ఎంతవరకు పనికొస్తుందో తెలియాలి కదా సార్ అన్నాను.

నా స్టాకులు మాత్రం ప్రతిదీ మూడేసి చేశాను. రెండు వేర్వేరు బిల్డింగుల ఫ్రీజర్లలో, ఒకటి ఆరబెట్టి ఆంపుల్‌లో, తేదీ చెరిగిపోని ఇంకుతో రాసి.