వ్యాకరణ పాఠాల వెబ్‌సైటు, మొదటి 100 డాలర్లు: నా అనుభవం

గుంటూరులోని ఒక ప్రైవేటు ఉన్నత పాఠశాలలో పంతొమ్మిదేళ్లు తెలుగు చెప్పాను. 2020లో బడులు మూతపడి జీతం సగానికి తగ్గినప్పుడు, అన్నేళ్లుగా పిల్లలకు తయారుచేసి ఇచ్చిన సంధులు, సమాసాలు, ఛందస్సు నోట్సునంతా ఒకచోట పెడితే పదో తరగతి పిల్లలకూ, డీఎస్సీకి చదివేవారికీ పనికివస్తుందనిపించింది. 2021 జూన్‌లో సొంతంగా ఒక వెబ్‌సైటు తెరిచాను. డొమైనుకు (సైటు పేరుకు), హోస్టింగుకు (సైటును ఉంచే చోటుకు) కలిపి ఏడాదికి మూడు వేల రూపాయల పైచిలుకు ఖర్చు. ఆ మూడు వేలు ప్రకటనల మీద తిరిగి వస్తే చాలనుకున్నాను. మొదటి చెల్లింపు నా ఖాతాలో పడడానికి దాదాపు రెండేళ్లు పట్టింది. ఈ రెండేళ్లలో నాకు తెలిసివచ్చినవి ముందే ఎవరైనా చెప్పి ఉంటే అందులో సగం కాలమైనా కలిసివచ్చేది కనుక, జరిగినది జరిగినట్టు రాస్తున్నాను.

నా నోట్సంతా అను ఫాంట్లలో ఉండేది. గుంటూరు, విజయవాడ డీటీపీ సెంటర్లలో పుస్తకాలు, శుభలేఖలు, కరపత్రాలు ఏళ్ల తరబడి ఆ ఫాంట్లలోనే తయారవుతూ వచ్చాయి. అచ్చులో అవి ఎంతో అందంగా ఉంటాయి. కానీ తెర మీద తెలుగులా కనిపించినా కంప్యూటరు లోపల ఉండేవి తెలుగు అక్షరాలు కావు, ఇంగ్లీషు అక్షరాల సంకేతాలు. ఆ ఫాంటు లేని చోట తెరిస్తే పద్యమంతా గజిబిజి గుర్తుల వరుసగా కనిపిస్తుంది. ఆ ఇబ్బంది తప్పించుకోవడానికి నేను ప్రతి పేజీనీ ఫొటోగా మార్చి సైటులో పెట్టాను. అక్టోబరులో, సైట్లలో ప్రకటనలు వేసి యజమానికి డబ్బు చెల్లించే గూగుల్ సేవ యాడ్‌సెన్స్‌కు దరఖాస్తు చేస్తే తక్కువ విలువ గల కంటెంటు అన్న కారణంతో తిరస్కరించారు. ఆ మాట చదివి చాలా బాధపడ్డాను. మొల్ల పద్యానికి నేను రాసిన ప్రతిపదార్థం తక్కువ విలువ గలది ఎట్లా అవుతుందని రెండు రోజులు మథనపడ్డాను. తరువాత నిదానంగా ఆలోచిస్తే తప్పు నాదేనని తెలిసింది. యాడ్‌సెన్స్ 2018 నుంచి తెలుగు పేజీలను అంగీకరిస్తోంది, కానీ నా పేజీల్లో తెలుగు లేదు, తెలుగు బొమ్మలు ఉన్నాయి. వెతికే పిల్లవాడికి ఆ పాఠం దొరకదు, పరిశీలించే యంత్రానికీ కనపడదు.

అక్కడి నుంచి మూడు నెలలు మళ్లీ టైపు చేయడమే పని. అరండల్‌పేటలో డీటీపీ చేసే ఒక అబ్బాయి ఫాంటు మార్చే సాఫ్ట్‌వేరుతో కొంత సాయం చేశాడు. 'ఇది మార్చిపెడుతుంది గానీ ఒత్తులు మీరే చూసుకోవాలక్కా' అని ముందే చెప్పాడు. నిజంగానే 'స్త్రీ' వంటి మాటల్లో ఒత్తులు ఊడిపోయాయి. ప్రతి వాక్యాన్నీ నేనే సరిచూసుకున్నాను. ఛందస్సు పాఠాలు మరీ కష్టపెట్టాయి. ఉత్పలమాలకు భ, ర, న, భ, భ, ర, వ గణాలు, పదో అక్షరం యతిస్థానం అని వాక్యంలో రాయడం తేలికే, కానీ పిల్లవాడికి కావలసింది పాదంలోని ఇరవై అక్షరాల మీద గురులఘువుల గుర్తులు. కంప్యూటరులో సరిగా కూర్చున్న గుర్తులు ఫోనులో చూసేసరికి ఒక అక్షరం పక్కకు జరిగి, గురువు మీద లఘువు వచ్చి కూర్చునేవి. తప్పు గుర్తు చూసి నేర్చుకున్న పిల్లవాడు పరీక్షలో మార్కులు పోగొట్టుకుంటాడు. చివరకు ప్రతి అక్షరానికీ ఒక గడి చొప్పున పట్టిక గీసి, గుర్తును పై గడిలో, అక్షరాన్ని కింది గడిలో పెట్టి, పాదాన్ని రెండు ముక్కలు చేస్తే చిన్న ఫోనులో కూడా కుదిరింది. ఆ ఒక్క పాఠానికి తొమ్మిది రోజులు పట్టింది. ఈనాటికీ నా సైటులో అన్నిటికంటే ఎక్కువమంది చూసేది ఆ పేజీనే. గోప్యతా విధానం, నా గురించిన పరిచయం, సంప్రదించే మార్గం కూడా చేర్చి 2022 జనవరిలో మళ్లీ దరఖాస్తు చేశాను, ఆమోదించారు.

ఫిబ్రవరిలో నా పాత విద్యార్థిని ఒకతె బెంగళూరు నుంచి ఫోను చేసి, 'టీచర్, మా బ్యాచి వాళ్లమంతా రోజూ పొద్దున్నే మీ సైటు తెరిచి ప్రకటనలన్నీ నొక్కుతున్నాం' అని సంతోషంగా చెప్పింది. ఆ పిల్లల ప్రేమకు కళ్లు చెమర్చాయి, అదే క్షణంలో భయమూ వేసింది. యజమాని తానే నొక్కినా, తెలిసినవారి చేత నొక్కించినా అవి చెల్లని క్లిక్కులు; ఆ డబ్బు కోసేస్తారు, మితిమీరితే ఖాతానే మూసేస్తారు. 'వద్దు నాన్నా, మీ తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ పాఠాలు చూపించండి, అంతే చాలు' అని అందరికీ సందేశం పంపాను. ఆ నెల నా ఆదాయంలో కొంత కోత పడింది. సైటు పెట్టిన ప్రతి ఒక్కరూ ఇంట్లోవారికీ స్నేహితులకూ ఈ మాట మొదటి రోజే చెప్పాలి.

ఆదాయం 10 డాలర్లు దాటాక చిరునామా నిర్ధారణకు ఆరు అంకెల పిన్ నంబరును మామూలు తపాలాలో పంపిస్తారు. నాకు ఆ 10 డాలర్లకే అయిదు నెలలు పట్టింది. మేముండేది బ్రాడీపేటలో. మా ఊళ్లో 4/14 అంటే నాలుగో లైను, పద్నాలుగో అడ్డరోడ్డు అని రిక్షావారి నుంచి కూరగాయల బండివారి దాకా అందరికీ తెలుసు. నేనూ అదే అలవాటుతో చిరునామా గడిలో 4/14 అని మాత్రమే నింపి, ఇంటి నంబరు రాయలేదు. అది చూసినవారికి ఇంటి నంబరులా కనిపిస్తుంది. రెండు ఉత్తరాలు రాలేదు. మొదటి పిన్ పుట్టిన నాటి నుంచి నాలుగు నెలల్లో నిర్ధారించకపోతే ప్రకటనలు ఆగిపోతాయి కాబట్టి రోజులు లెక్కపెట్టుకుంటూ గడిపాను. మూడోసారి ఇంటి నంబరు, లైను, అడ్డరోడ్డు, దగ్గరి గుర్తు, ఫోను నంబరు అన్నీ విడివిడిగా రాసి, మా వీధికి వచ్చే పోస్టుమాన్ గారికి కూడా చెప్పి ఉంచాను. ఇరవై మూడో రోజున ఆయనే గేటు దగ్గర నిలబడి 'అమ్మా, మీరు ఎదురుచూస్తున్నది ఇదేనా చూడండి' అని అరచేతి వెడల్పున్న ఒక మడత కాగితం అందించారు. అంచులు చింపి విప్పితే లోపల ఆ ఆరు అంకెలు ఉన్నాయి.

ఆ తరువాతి చిక్కు ఇంటిపేరు. పాన్ కార్డులో పుట్టింటి పేరు, బ్యాంకు ఖాతాలో అత్తింటి పేరు. మనలో ఎంతోమంది ఆడవారికి ఈ తేడా ఉంటుంది, డబ్బు బయటి దేశం నుంచి వచ్చేదాకా అది గుర్తుకు రాదు. వివాహ ధ్రువపత్రం జతచేసి పాన్ కార్డులో పేరు మార్పించి, యాడ్‌సెన్స్‌లోనూ అదే వరుసలో, పొడి అక్షరాలు లేకుండా రాశాను. పన్ను సమాచారం కోసం డబ్ల్యూ-8 బెన్ అనే ఫారం కూడా ఇచ్చాను. నేను అమెరికా పౌరురాలిని కాననీ, భారతదేశ నివాసిననీ తెలిపే పత్రం అది. అమెరికాలో ఉన్న మన తెలుగువారు పిల్లలకు ఒత్తులు నేర్పడానికి నా సైటు చూస్తుంటారు. చూసేవారి సంఖ్యలో వారి వాటా తక్కువే అయినా నా ఆదాయంలో వారి వాటా పెద్దది.

100 డాలర్లు దాటితేనే డబ్బు పంపుతారు. ఏడాది పొడుగునా నత్తనడకన సాగిన లెక్క 2023 మార్చిలో, పదో తరగతి పరీక్షలు దగ్గర పడడంతో ఒక్కసారిగా పెరిగి 104 డాలర్లకు చేరింది. దేశంలో పంపుకొనే డబ్బుకు ఐఎఫ్‌ఎస్‌సీ చాలు గానీ విదేశాల నుంచి వచ్చే వైరు బదిలీకి స్విఫ్ట్ కోడు కావాలి, అది ప్రతి శాఖకూ ఉండదు. మా శాఖలో అడిగితే పెద్ద శాఖ కోడు రాసి ఇచ్చారు. నెల తరువాత, 21 నుంచి 26 లోపు పంపే చెల్లింపుల్లో భాగంగా ఏప్రిల్ చివరి వారంలో డబ్బు బయలుదేరింది, కానీ ఖాతాలో పడలేదు. నాలుగు రోజులకు బ్యాంకు నుంచి ఫోను వచ్చింది. 'మేడమ్, మీకు విదేశాల నుంచి డబ్బు వచ్చింది, ఎవరు పంపారు, దేనికోసం?' అని అడిగారు. వెళ్లి, ప్రకటనల ఆదాయమని, దానికి పర్పస్ కోడు (డబ్బు దేనికోసం వచ్చిందో తెలిపే సంఖ్య) పీ 1007 అని రాసి సంతకం పెట్టాను. మర్నాడు చార్జీలు పోను 8,214 రూపాయలు జమయ్యాయి. ఆ జమకు సంబంధించిన విదేశీ చెల్లింపు ధ్రువపత్రాన్ని అడిగి తీసుకున్నాను. ఆదాయపు పన్ను రిటర్నులో ఈ మొత్తాన్ని చూపేటప్పుడు మా ఆడిటరుగారు మొట్టమొదట అడిగిన కాగితం అదే.

ఆ డబ్బులోంచి హోస్టింగుకు మరో ఏడాది కట్టి, డీటీపీ అబ్బాయికి అంతవరకు తీసుకోనన్న రెండు వేలు బలవంతంగా చేతిలో పెట్టాను. ఆ వేసవిలోనే ఛందస్సు పట్టికలన్నిటినీ ఒక పీడీఎఫ్‌గా కూర్చి 60 రూపాయలకు పెట్టాను. పిల్లలు యూపీఐలో కట్టి తీసుకుంటారు, ఆ డబ్బుకు పిన్ ఉత్తరమూ స్విఫ్ట్ కోడూ అక్కరలేదు. పరీక్షల నెలల్లో ప్రకటనల కంటే అదే ఎక్కువ తెస్తోంది. యాడ్‌సెన్స్ రెండో చెల్లింపు తొమ్మిది నెలలకు వచ్చింది. ఈసారి బ్యాంకు నుంచి ఫోను రాలేదు, డబ్బు నేరుగా ఖాతాలో పడింది.