తోడి గాంధారం, ఒక కాలేజీ ప్రాజెక్టు

డాలస్‌లో పిల్లల్ని కర్ణాటక సంగీతం క్లాసులకు తిప్పే అమ్మానాన్నలకు ఒకటే బెంగ: హైస్కూలుకి రాగానే మానేస్తారు, ఇంత అవస్థ దేనికని. మా అమ్మాయీ వర్ణాల దగ్గరే ఆపేసింది. ఇప్పుడు కంప్యూటర్ సైన్స్ చదువుతూ కాలేజీ ప్రాజెక్టుగా సాఫ్ట్‌వేర్ సింథసైజర్ రాస్తోంది. అలాంటి బెంగ ఉన్నవాళ్ల కోసమే ఇది రాస్తున్నాను.

సాఫ్ట్‌వేర్ సింథసైజర్ అంటే ధ్వనిని లెక్కలతో పుట్టించే ప్రోగ్రాం. సాధారణంగా సెకనుకు 44,100 అంకెలు తయారుచేసి స్పీకరుకు పంపాలి. ఆసిలేటర్ అలను పుట్టిస్తుంది, ఫిల్టర్ దాని పదును తగ్గిస్తుంది, స్వరం ఎలా లేచి ఎలా అణగాలో ఎన్వలప్ చూసుకుంటుంది. ఇంతవరకూ క్లాసులో అందరూ చేసేదే.

తను అందులో శ్రుతి కూడా పెట్టింది. షడ్జం (స) 220 హెర్ట్జ్. మెట్లన్నీ సమానంగా పంచే కీబోర్డు లెక్కన పంచమం (ప) 329.63 వస్తుంది, షడ్జంతో పూర్తిగా కలవాలంటే 330 ఉండాలి. తేడా అర హెర్ట్జ్ కూడా లేదు. అయినా షడ్జాన్నీ ఆ కీబోర్డు పంచమాన్నీ కలిపి మోగిస్తే నాదం సుమారు నాలుగు సెకన్లకు మూడుసార్లు చొప్పున పెరిగి తగ్గుతోంది. "అమ్మా, పా కలవట్లేదు" అంది, లెక్క చూడకముందే. ఆ చెవి ఆదివారం క్లాసుల్లో వచ్చిందే.

అసలు కష్టం గమకం (స్వరాన్ని ఊపి పలికించడం) దగ్గర. కీబోర్డు స్వరాలను కంప్యూటరుకు చెప్పే మిడి పద్ధతిలో మీటకో నంబరు. 69 నొక్కితే 440 హెర్ట్జ్. తోడి రాగంలో గాంధారం అలా ఒక నంబరులో నిలవదు, రిషభ మధ్యమాల మధ్య ఊగుతుంది. మొదట ఎల్‌ఎఫ్‌ఓ (స్వరాన్ని నెమ్మదిగా ఊపే ఆసిలేటర్) పెట్టి సమంగా ఊపింది. రాజమండ్రిలో ఉన్న అమ్మమ్మకి వీడియో కాల్‌లో వినిపిస్తే, "చలికి గొంతు వణికినట్టుందే తల్లీ! మధ్యమాన్ని తాకి జారాలి" అని పాడి చూపించింది. అది రికార్డు చేసి, స్వరం ఎంత పైకి, ఎంత కిందికి వెళ్తోందో తెర మీద గీతగా చూసుకుంది. ఏ రెండు ఊపులూ ఒకేలా లేవు. ఎల్‌ఎఫ్‌ఓ తీసేసి, ఆ గీత వెంటే స్వరాన్ని నడిపించింది.

ఇంతకుముందు వాళ్లిద్దరి ఫోన్లు "తిన్నావా, నిద్రపోయావా" దగ్గరే ఆగేవి. ఇప్పుడు నేను పక్కన లేకపోయినా, తెలుగులోనే, వాదించుకుంటూ మాట్లాడుకుంటున్నారు. నాకు అన్నిటికంటే సంతోషం ఇదే.

ప్రస్తుతం రెండో కాలం దగ్గర ఆగింది. వేగం రెట్టింపైతే గీతను సగానికి కుదిస్తే సరిపోదట, కొన్ని ఊపులు వదిలేయాలట. ఏవి వదలాలో అమ్మమ్మని అడిగి రాసుకుంటోంది. ప్రాజెక్టు మార్కులకు ఇదంతా అక్కర్లేదు.