రెండో సంచిక బాకీ

చిన్నప్పుడు కళ్లెదుటే అమ్మానాన్నలను ఒక దొంగ చంపేయడంతో, పెద్దయ్యాక గబ్బిలం వేషంలో నేరస్థులను వేటాడే కామిక్స్ వీరుడు బ్యాట్‌మ్యాన్. ఆ పుట్టుకథను ఏ కాలంలో ఎలా చెప్పారో వరుసగా పోగుచేస్తున్నాను. ఈ ఆదివారం న్యూజెర్సీలో మా ఇంటి దగ్గరి పాత సామాన్ల సంతలో, ఒక అట్టపెట్టె అడుగున 1980 నాటి 'ది అన్‌టోల్డ్ లెజెండ్ ఆఫ్ ది బ్యాట్‌మ్యాన్' దొరికింది. మూడు సంచికల కథలో ఒకటి, మూడు ఉన్నాయి. రెండూ కలిపి ఏడు డాలర్లు. బేరమాడలేదు, చేతులు వణుకుతుంటే బేరం ఎలా కుదురుతుంది!

ఇంతవరకూ నా దగ్గరున్నవి పునర్ముద్రణలే. 1939 నవంబరు 'డిటెక్టివ్ కామిక్స్' 33వ సంచికలో ఈ పుట్టుకథంతా రెండు పేజీల వ్యవహారం. దొంగకు పేరు లేదు, తల్లీ తండ్రీ ఇద్దరూ తూటాలకే బలి. 1948లో 'బ్యాట్‌మ్యాన్' 47వ సంచికలో రచయిత బిల్ ఫింగర్ ఆ దొంగకు జో చిల్ అని పేరు పెట్టాడు. తల్లి గుండె ఆగి చనిపోతుంది. 1956లో 'డిటెక్టివ్' 235వ సంచికకు అది దోపిడీయే కాకుండా పోయింది: లూ మాక్సన్ అనేవాడు పగబట్టి చేయించిన హత్య. తండ్రి ఒకప్పుడు విందుకు గబ్బిలం వేషం వేసుకెళ్లాడన్నదీ అందులోదే. ఈ మెలిక నాకు మింగుడుపడదు. ఊరూ పేరూ లేని దొంగ చేతిలో పోవడంలోని దారుణం కుట్రలో ఎక్కడుంది?

'అన్‌టోల్డ్ లెజెండ్' రాసిన లెన్ వీన్ మాత్రం 1980లో ఏదీ పారేయలేదు. తండ్రి వేసిన ఆ గబ్బిలం వేషమే చిరిగి పీలికలై బ్యాట్‌మ్యాన్‌కు చేరడంతో కథ మొదలుపెట్టాడు. నేను వద్దన్న బట్టతోనే నన్ను కట్టేశాడు! మొదటి సంచికకు జాన్ బర్న్ పెన్సిల్ గీతలు, వాటిపై జిమ్ అపారో సిరా.

కాగితం పసుపెక్కింది, మొదటిదాని పిన్నుకు తుప్పు. పిన్ను పీకలేదు, అతుకు టేపు వేయలేదు; టేపు జిగురు కాగితాన్ని తినేస్తుంది. ఆమ్లం లేని అట్టను నునుపు వైపు పుస్తకానికి ఆనేలా పెట్టి, ప్లాస్టిక్ కవరులో దించాను. కొత్త కామిక్స్ కవర్లు బిగుతయ్యాయి, కాస్త వెడల్పువి తేవలసి వచ్చింది. తడి చేరే నేలమాళిగలో కాకుండా పడకగది బీరువాలో నిలువుగా నిలబెట్టాను.

ఆ పీలికలు పంపిందెవరో మూడో సంచికలో ఉంటుంది. రెండోది దొరికేదాకా ఆ కవరు విప్పను. నిన్న రాత్రి ఒకసారి తీసి, అట్ట బొమ్మ మాత్రం చూసి పెట్టేశాను.