ఆదివారం అంటే సంత రోజు: ఎగర్‌లో క్రిస్మస్ బజారు

హంగేరియన్ భాషలో ఆదివారాన్ని "వషార్‌నప్" అంటారు. వషార్ అంటే సంత, నప్ అంటే రోజు. ఆ వషార్ అనే మాట కూడా పాత పర్షియన్ వైపు నుంచి వచ్చిందేనట, మన బజారు కూడా అక్కడిదే కదా. ఈ సంగతి చెప్పింది మా ఆఫీసులో నా పక్క సీటు అమ్మాయి. బుడాపెస్ట్‌లో వొరోష్‌మర్తి సెంటర్‌లో పెట్టే క్రిస్మస్ మార్కెట్‌కి రెండుసార్లు వెళ్లొచ్చాను, చాలా బాగుంది అని నేనంటే, "అక్కడికి టూరిస్టులే ఎక్కువ వస్తారు, మా ఊరు రా, అసలు వషార్ ఎలా ఉంటుందో చూపిస్తా" అంది. వాళ్ల ఊరు ఎగర్.

అలా 2024 డిసెంబర్ 15, ఆదివారం, బుడాపెస్ట్‌లోని కేలెతి స్టేషన్‌లో రైలెక్కాను. రెండు గంటల ప్రయాణం. జనాభా సుమారు 50 వేలు, అంటే మన లెక్కలో ఓ మాదిరి టౌన్. స్టేషన్ నుంచి నడుచుకుంటూ పోతే ఊరి నడిబొడ్డున డోబో ఇష్త్వాన్ చౌరస్తా వస్తుంది, పైన కొండ మీద కోట. 1552లో ఆటమన్ టర్కుల సైన్యం ఈ కోటను ముట్టడిస్తే, లోపల ఉన్న రెండు వేల చిల్లర మంది, అందులో ఆడవాళ్లు కూడా, ఐదు వారాలకు పైగా పోరాడి నిలబెట్టుకున్నారు. వాళ్లను నడిపించినవాడే ఈ డోబో. అన్నట్టు ఇందులో డోబో ఇంటిపేరు, ఇష్త్వాన్ సొంత పేరు. హంగేరీలో మనలాగే ఇంటిపేరు ముందు రాస్తారు. ఇక్కడికి వచ్చిన కొత్తలో ఫారాల్లో నా ఇంటిపేరు ముందు కనిపిస్తే ఎంత హాయిగా అనిపించిందో, వేరే దేశాల్లో ఉన్న మన ఫ్రెండ్స్‌కి చెబితే అర్థమవుతుంది.

నాలుగింటికల్లా చీకటి పడిపోయింది. చర్చి ముందు చెక్క బడ్డీలు, దీపాల తోరణాలు. మొదట కళ్లకు కాదు, ముక్కుకి తెలిసింది బజారొచ్చిందని. పెద్ద గిన్నెల్లో వైన్ మరుగుతోంది, దాల్చినచెక్క, లవంగాలు, నారింజ ముక్కలు వేసి. ఎగర్ అంటేనే వైన్ ఊరు, ఇక్కడి ఎర్ర వైన్‌కి బికావేర్ అని పేరు, అంటే ఎద్దు రక్తం. చలికి వేళ్లు కొంకర్లు పోతుంటే ఆ వేడి కప్పు రెండు చేతులతో పట్టుకోవడమే సగం సుఖం.

నేను ఎక్కువసేపు నిలబడిపోయింది మాత్రం క్యుర్తోష్‌కలాచ్ అనే తీపి రొట్టె చేసే బడ్డీ దగ్గర. క్యుర్తో అంటే పొగగొట్టం. రోకలంత లావు చెక్క దిమ్మకు పిండిని పొడవాటి తాడులా సాగదీసి, బొంగరానికి తాడు చుట్టినట్టు వరస తప్పకుండా చుడుతుంది బడ్డీ ఆవిడ. దాన్ని పంచదారలో దొర్లించి, నిప్పుల మీద తిప్పుతూనే ఉంటుంది. కాసేపటికి పంచదార కరిగి పాకమై, ముదురు తేనె రంగుకి తిరుగుతుంది. అప్పుడు దిమ్మను బల్ల మీద రెండు దెబ్బలు కొడితే గొట్టంలా జారి వచ్చేస్తుంది, లోపలి నుంచి ఆవిరి నిజంగానే పొగగొట్టంలోంచి వచ్చినట్టు పైకి లేస్తుంది. చుట్టలు చుట్టలుగా విప్పుకుంటూ తినాలి. పైన కరకర, లోపల దూది. కత్తితో కోసి తినేవాళ్లను చూస్తే నాకు బాధేస్తుంది.

శాకాహారులు భయపడక్కర్లేదు. లాంగోష్ ఉంది, మన పూరీకి పెద్దన్న లాంటిది, నూనెలోంచి తీయగానే బ్రష్‌తో వెల్లుల్లి నీళ్లు పూసి, పైన పుల్లటి మీగడ, చీజ్ తురుము వేసిస్తారు. కాల్చిన చెస్ట్‌నట్‌లు ఉన్నాయి. ఇంకా బేయ్‌గ్లి, గసగసాలో వాల్‌నట్‌లో దట్టంగా కూరి చుట్టిన రోల్, అది లేకుండా ఇక్కడ క్రిస్మస్ జరగదు. వీళ్ల గసగసాలు నీలం కలిసిన బూడిద రంగు. ఒక్క ముక్క నోట్లో పెట్టుకోగానే అమ్మ చేసే కజ్జికాయలు గుర్తొచ్చాయి, కాసేపు ఏం మాట్లాడలేకపోయాను.

ఈలోగా మా కొలీగ్ పది అడుగులకోసారి ఆగిపోతోంది. స్కూల్ టీచర్, పక్కింటి వాళ్లు, చిన్నప్పటి స్నేహితురాలు, అందరూ అక్కడే. "ఎప్పుడొచ్చావ్, అమ్మ ఎలా ఉంది" ఇవే మాటలని భాష రాకపోయినా తెలిసిపోతోంది. మా ఊరి బుధవారం సంతలో నాన్నతో వెళ్తే సరిగ్గా ఇంతే, కొనేది పావు కిలో ఉల్లిపాయలు, పట్టే టైం రెండు గంటలు. బుడాపెస్ట్ మార్కెట్‌లో నాకు దొరకనిది ఇదేనని అప్పుడు అర్థమైంది. అక్కడ బడ్డీలు, దీపాలు ఇంకా ఎక్కువే, కానీ ఒకరినొకరు పేరు పెట్టి పిలుచుకోవడం నేను వినలేదు.

క్రిస్మస్‌కు ముందు వచ్చే చివరి ఆదివారాలను కంచు, వెండి, బంగారు ఆదివారాలంటారు. నేను వెళ్లింది వెండి ఆదివారం.

తిరిగొచ్చే ముందు మా కొలీగ్ వాళ్ల అమ్మమ్మ ఇంటికి తీసుకెళ్లింది. కిటికీ గట్టు మీద సాసర్లలో తడి గోధుమలు. డిసెంబర్ 13 లుత్సా పండగట, ఆ రోజు గోధుమలు చల్లితే క్రిస్మస్‌కి మొలకలు పచ్చగా లేస్తాయి, ఎంత ఒత్తుగా వస్తే వచ్చే ఏడు పంట అంత బాగుంటుందని నమ్మకం. రెండు రోజులకి తెల్లటి మొనలు అప్పుడే బయటకొస్తున్నాయి. నేను వంగి మరీ చూస్తున్నానని అమ్మమ్మ ఒక సాసర్‌ను గుడ్డలో చుట్టి నా చేతిలో పెట్టింది. మనవరాలి చేత చెప్పించింది: నీళ్లు చిలకరించాలి, పోయకూడదు.

రైల్లో రెండు గంటలూ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. 24 సాయంత్రానికి నాలుగు వేళ్ల ఎత్తు పెరిగాయి. అమ్మమ్మ చెప్పినట్టే ఎర్ర రిబ్బను కట్టి, మధ్యలో కొవ్వొత్తి పెట్టి వెలిగించాను. వీడియో కాల్‌లో అమ్మ అది చూసి, "ఎవరి పెళ్లిరా, పాలికలు పోశావు?" అంది. మొత్తం కథ చెప్పాను. ఫోన్ దగ్గరగా పెట్టమని, మొలకల్ని కాసేపు చూసి, "బాగా వచ్చాయి. నీళ్లు పోయకు, చిలకరించు చాలు" అంది.